క్రోన్స్ వ్యాధి - ఆహార నియమాలు

క్రోన్స్ వ్యాధి జీర్ణనాళంలో నోటి నుండి మలద్వారం వరకు ఏ భాగానికైనా రాగల దీర్ఘకాలిక వ్యాధి. ఇందులో ప్రేగు గోడలు వాచి పుండ్లు పడతాయి. చిన్నప్రేగు చివరి భాగంలో ఎక్కువగా కనిపిస్తుంది. 1932లో అమెరికా వైద్యుడు బరిల్ క్రోన్ తన సహచరులు గింజ్‌బర్గ్, ఒపెన్‌హైమర్‌లతో కలసి దీనిని వర్ణించాడు. దీనిని పూర్తిగా నయం చేసే పథ్యం లేదు. రోగులందరికీ సరిపోయే ఒకే ఆహార పట్టిక కూడా లేదు.

భారతదేశంలో ప్రేగు క్షయ కూడా ఇవే లక్షణాలతో, ప్రేగులో ఇదే చోట వస్తుంది. కావున వ్యాధి నిర్ధారణ కాకముందే పథ్యంతో కాలయాపన చేయడం ప్రమాదకరం.

అనంతపురం ప్రాంతపు ఆహారం

రాయలసీమలోని ఈ కరవు పీఠభూమిలో (నేటి అనంతపురం, 2022లో దాని నుండి ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలు) వేరుశనగ ప్రధాన పంట. చట్నీ, ఊరుబిండి, పొడి, నూనె రూపంలో ఇది ప్రతి పూటా విస్తరిలో ఉంటుంది. అందువలన "చెనక్కాయలు తినవచ్చునా" అన్నది ఇక్కడి రోగికి చిన్న ప్రశ్న కాదు. ప్రేగు ఇరుకుగా మారినవారికి సరిగా నమలని పలుకులు అడ్డుపడి, కడుపునొప్పి, వాంతులు కలిగించవచ్చు. అటువంటివారు పలుకులతో బాటు మొక్కజొన్న, జామ గింజలు, మునక్కాయ పీచు కూడా మానాలి. ఇరుకు లేనివారు, వ్యాధి అణగి ఉన్నప్పుడు, మెత్తగా రుబ్బిన వేరుశనగను కొద్దికొద్దిగా తిని చూడవచ్చు. చౌకగా దొరికే మాంసకృత్తులను భయంతో వదులుకుంటే బరువు తగ్గి రోగి మరింత నీరసిస్తాడు.

వ్యాధి ఉధృతంగా ఉన్నప్పుడు మెత్తని అన్నం, పెసరకట్టు, ఇడ్లీ, అరటిపండు, ఉడికించిన గుడ్డు సాధారణంగా పడతాయి. ఉగ్గానితో తినే మిరపకాయ బజ్జీలను ఆ రోజులలో మానడం మంచిది. పాలు పడనివారిలో చాలామందికి పెరుగు, మజ్జిగ పడతాయి. విరేచనాలు ఎక్కువైతే, ముఖ్యంగా ఈ ప్రాంతపు వేసవిలో, ఓఆర్ఎస్ ద్రావణం అవసరం.

స్టెరాయిడ్ మందులు ఎముకలను బలహీనపరుస్తాయి. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. కనుక రాగి సంగటి అకారణంగా మానవలసినది కాదు. పొట్టు పడనివారు పిండిని జల్లించి జావ కాచుకోవచ్చు. చిన్నప్రేగు చివరి భాగాన్ని ఎక్కువగా తొలగించినవారికి మాత్రం ఆహారంలోని బి12 విటమిన్ తగినంత ఒంటపట్టదు. వారికి వైద్యులు సాధారణంగా ఆ విటమిన్‌ను సూదిమందుగా ఇస్తారు.