ప్రకృతి వైద్యుడి వద్దకు వెళ్తున్నారా?

మధుమేహం, రక్తపోటు, స్థూలకాయం, కీళ్ల నొప్పులు, మలబద్ధకం వంటి దీర్ఘకాలిక సమస్యలతో ప్రకృతి చికిత్సాలయాలను ఆశ్రయిస్తున్నవారు ఎందరో ఉన్నారు. అక్కడ చికిత్స చేసేవారి అర్హత ఏమిటి, వారు చేయగలిగినదేమిటి, చేయలేనిదేమిటి అన్న విషయాలపై మాత్రం అవగాహన అంతంతే. బోర్డు మీద 'ప్రకృతి వైద్యం' అని రాసి ఉన్నంత మాత్రాన లోపల ఉన్నది వైద్యుడేనని అనుకోవడానికి వీల్లేదు. అప్పటికే వాడుతున్న మందులను ఎవరి మాట మీద ఆపుతున్నారన్నది ప్రాణాలతో ముడిపడిన విషయం.

తెలుగునాట శతాబ్దానికి పైగా..

జర్మనీకి చెందిన లూయీ కూనే ప్రకృతి చికిత్సా గ్రంథాన్ని ద్రోణంరాజు వెంకటచలపతి శర్మ 1894లోనే తెలుగులోకి తెచ్చారు. గాంధీజీ ఈ చికిత్సను తనపైనా, తనవారిపైనా ప్రయోగించి చూశారు. 1945 నవంబరు 18న పుణెలో అఖిల భారత ప్రకృతి చికిత్సా ట్రస్టు ఏర్పాటులో భాగస్వామి అయ్యారు. మరుసటి ఏడాది ఉరుళీ కాంచన్ గ్రామంలో పేదల కోసం ఆశ్రమం ప్రారంభించారు. ఆ ట్రస్టు ఏర్పడిన నవంబరు 18ని 2018 నుంచి జాతీయ ప్రకృతి చికిత్స దినంగా పాటిస్తున్నారు.

అర్హత ఏమిటి?

ప్రకృతి వైద్యుడికి ఉండవలసిన డిగ్రీ బీఎన్‌వైఎస్. ఇంటర్ బైపీసీ తరవాత నాలుగున్నరేళ్ల చదువు, మరో ఏడాది ఇంటర్న్‌షిప్ ఉంటాయి. శరీర నిర్మాణం, శరీర ధర్మం, రోగ నిదానం వంటి మౌలిక శాస్త్రాలతో పాటు పోషకాహారం, ఉపవాసం, జల చికిత్స, యోగా బోధిస్తారు. హైదరాబాద్‌లోని గాంధీ ప్రకృతి వైద్య కళాశాల ఈ కోర్సును అందిస్తోంది. కొద్ది వారాల శిక్షణ, పోస్టులో వచ్చిన సర్టిఫికెట్టు దీనికి సమానం కావు.

ఇక్కడ ఒక లోటు ఉంది. ప్రకృతి వైద్యం ఆయుష్ పరిధిలోనిదే అయినా, 2020లో వచ్చిన భారతీయ వైద్య విధానాల జాతీయ కమిషన్ చట్టం దీనికి వర్తించదు. ఆయుర్వేదం, యునానీ, సిద్ధ, సోవా రిగ్పాలే ఆ చట్టం పరిధిలో ఉన్నాయి. కాబట్టి వైద్యుడి డిగ్రీ ఏమిటో, ఏ కళాశాలలో చదివారో రోగి స్వయంగా అడిగి తెలుసుకోవాలి. అర్హత ఉన్నవారు ఆ ప్రశ్నకు నొచ్చుకోరు.

మొదటి రోజు ఏం చేస్తారు?

వైద్యుడు రోగి ఆహారం, నిద్ర, మల విసర్జన, వృత్తి, అలవాట్ల గురించి వివరంగా అడుగుతారు. బరువు, రక్తపోటు చూస్తారు. పాత రిపోర్టులు పరిశీలించి, అవసరమైతే రక్త పరీక్షలు రాస్తారు. వాడుతున్న మందుల జాబితా అడగకుండానే చికిత్స మొదలుపెడితే సందేహించాల్సిందే.

తరవాత రోగి స్థితిని బట్టి పొట్టపై మట్టి పట్టీ, తొట్టి స్నానం, వెన్ను స్నానం, ఆవిరి స్నానం, మర్దన, ఎనిమా, యోగాసనాలు నిర్ణయిస్తారు. ఉప్పు, నూనె తగ్గించిన ఆహారం, కొందరికి పండ్ల రసాలతో ఉపవాసం ఉంటాయి. మందులు రాయడం ఈ విధానంలో భాగం కాదు.

ఎంతవరకు ఆశించవచ్చు?

ఆహార నియమం, వ్యాయామం, నిద్ర సరిపడితే బరువు తగ్గుతుంది. టైప్-2 మధుమేహం, రక్తపోటు అదుపులోకి రావడానికి అది తోడ్పడుతుంది. కొందరికి మందుల మోతాదు తగ్గించే అవకాశమూ ఉంటుంది. అయితే ఆ నిర్ణయం మందులు రాసిన డాక్టరే పరీక్షలు చూసి తీసుకోవాలి. చికిత్సాలయంలో పాటించిన నియమాలను ఇంటికి వచ్చాక వదిలేస్తే ఫలితం నిలవదు. క్యాన్సర్, క్షయ, మూర్ఛ, మూత్రపిండాల వైఫల్యం మట్టితో, నీటితో నయమవుతాయని చెప్పేవారిని నమ్మరాదు.

ఒక హోమియో వైద్యుడు అల్లోపతి మందులు ఇచ్చిన పూనం వర్మ కేసులో, తనకు అర్హత లేని వైద్య విధానంలో చికిత్స చేయడం నిర్లక్ష్యమేనని సుప్రీంకోర్టు 1996లో తేల్చింది. ఎవరి పరిధిలో వారుండాలన్నదే దాని సారాంశం.

వీరికి జాగ్రత్త అవసరం

* టైప్-1 మధుమేహం ఉన్నవారు ఇన్సులిన్ ఆపితే రోజుల వ్యవధిలోనే ప్రాణాపాయం ఏర్పడుతుంది.
* చక్కెర తగ్గించే మాత్రలు వేసుకుంటూ ఉపవాసం ఉంటే చక్కెర స్థాయి ఒక్కసారిగా పడిపోవచ్చు.
* మూత్రపిండాల రోగులకు కొబ్బరి నీళ్లు, పండ్ల రసాల్లోని పొటాషియం ప్రమాదకరం కావచ్చు.
* గుండె జబ్బు ఉన్నవారు, గర్భిణులు ఆవిరి స్నానం, ఉపవాసం విషయంలో ముందుగా తమ డాక్టరును సంప్రదించాలి.
* క్షయ మందులు మధ్యలో ఆపితే వ్యాధి మొండిగా మారుతుంది. మూర్ఛ మందులు హఠాత్తుగా ఆపితే ఫిట్స్ తిరగబెడతాయి.

చికిత్స మొదలయ్యాక తలనొప్పి, నీరసం వస్తే 'లోపలి మలినాలు బయటకు పోతున్నాయి' అని సర్దిచెప్పడం పరిపాటి. స్వల్ప అసౌకర్యం ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోవచ్చు. ఛాతీ నొప్పి, ఆయాసం, మగత, ఆగని వాంతులు, మూర్ఛ కనిపిస్తే మాత్రం అది ప్రమాద సూచనే. అలాంటప్పుడు చికిత్స ఆపి, 108కి ఫోన్ చేసి వెంటనే ఆస్పత్రికి చేరాలి.

చేరేముందు అడగవలసినవి

వైద్యుడి డిగ్రీ, చికిత్స ఎన్ని రోజులు, మొత్తం ఖర్చు, రాత్రివేళ వైద్యుడు అందుబాటులో ఉంటారా, అత్యవసరమైతే ఏ ఆస్పత్రికి పంపుతారు అన్నవి అడిగి తెలుసుకోవాలి. బీమా వర్తిస్తుందో లేదో ముందే కంపెనీని విచారించడం మేలు. మందుల చీటీలు, రిపోర్టులు వెంట తీసుకెళ్లాలి. మీరు తీసుకుంటున్న ప్రకృతి చికిత్స సంగతి మీ డాక్టరుకూ చెప్పాలి. ఇద్దరికీ అన్నీ తెలిసి ఉంటేనే రోగికి భద్రత.