బోర్డు పంతులు

సర్కారు జిల్లాలలోని వృద్ధులలో నెవరినైనను మీరెచ్చట చదువుకొంటిరని యడిగినచో "బోర్డు స్కూలులో" నను సమాధానము తరచుగా వినవచ్చును. ఆ బడి గోడమీద నిప్పుడు మండల పరిషత్తు పేరో జిల్లా పరిషత్తు పేరో వ్రాసియుండును. అంతకుముందు పంచాయతి సమితి పేరుండెడిది. ఐనను ఆ తరమువారి నోట నది బోర్డు బడియే, అందు పాఠము చెప్పినవాడు బోర్డు పంతులే. ఈ బోర్డనునది యెట్లు పుట్టినది, పంతులును ఎట్లు నియమించినది, ఎట్లు పోషించినది, ఎట్లు ఊరూరు త్రిప్పినది అను వృత్తాంతము మన విద్యాచరిత్రములలో నొకటి రెండు పుటలకు మించి కానరాదు. కళాశాలలును, వానిని స్థాపించిన మహనీయులును గ్రంథములకెక్కిరి గాని తాటాకు పాకలో నలువది మంది పిల్లలకు గుణింతము నేర్పి నెలజీతమునకై యెదురుచూచినవాడు హాజరుపట్టీల చివర సంతకముగా మాత్రమే మిగిలెను.

బోర్డులు లేని కాలమున పంతులుకు ఊరే యజమాని. బళ్లారి కలెక్టరు ఏ.డి. క్యాంబెల్ 1823లో రెవెన్యూ బోర్డునకు పంపిన నివేదికయందు ఆనాటి వీధిబడి కన్నులకు గట్టినట్లు వర్ణింపబడినది. ఉదయమున మొట్టమొదట బడికి వచ్చిన బాలుని యరచేతిలో గౌరవచిహ్నముగా సరస్వతి పేరు వ్రాయుదురట; రెండవవానికి సున్న చుట్టుదురట; మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాల్గవవానికి రెండు, ఆ మీద వచ్చినవారికి క్రమముగా పెరుగుచు పోవునట. తొమ్మిది లక్షల యిరువదియేడు వేలకు పైబడిన జనులున్న ఆ జిల్లాలో 533 బడులును, వానియందు 6,641 మంది విద్యార్థులును ఉండిరి. కన్నడము చెప్పు బడులు 235, తెలుగు చెప్పు బడులు 226, ఇంగ్లీషు చెప్పునది ఒకే యొకటి. ఈ బడులలోని గురువునకు నియామకపు ఉత్తరువు లేదు, పించను లేదు, బదిలీ లేదు. పిల్లల తండ్రులిచ్చు జీతము, పంటలనాటి గింజలు, దసరా దినములలో పిల్లలను వెంటబెట్టుకొని యింటింటికి పోయి తెచ్చుకొను మామూలు, ఇవియే యాతని ఆదాయము. ఊరికి నచ్చకున్నచో అరుగు ఖాళీచేసి మరియొక యూరికి పోవలసినదే. ఈ స్వాతంత్ర్యమును మెచ్చుకొనువారున్నారు. ఆకలితో గూడిన స్వాతంత్ర్యమని నాకు తోచును.

క్యాంబెల్ నివేదికను కోరిన గవర్నరు సర్ తామస్ మన్రో. 1822లో ఆయన యాజ్ఞాపించిన విచారణ ఫలితముగా మదరాసు రాజధాని మొత్తమునందు 12,498 బడులును, 1,88,650 మంది విద్యార్థులును లెక్కకు వచ్చిరి. దానిపై నాయన 1826 మార్చిలో వ్రాసిన మినిట్టునందు ఒక్కొక్క కలెక్టరేటుకు రెండు బడులు, ఒక్కొక్క తాసీల్దారీకి ఒక బడి చొప్పున నెలకొల్పి, కలెక్టరేటు ఉపాధ్యాయునికి నెలకు పదునైదు రూపాయలు, తాసీల్దారీ ఉపాధ్యాయునికి తొమ్మిది రూపాయలు ఇయ్యవలెనని ప్రతిపాదించెను. ఈ జీతము స్వల్పమని తోచవచ్చునని యెరిగినవాడై, సర్కారు తొమ్మిది యిచ్చినచో కనీసము మరి తొమ్మిది పిల్లల నుండి ముట్టునని ఆయన సమాధానము కూడ వెంటనే చెప్పుకొనెను. నా యభిప్రాయమున మన దేశమున ప్రాథమికోపాధ్యాయుని జీతమును గూర్చిన సర్కారువారి యాలోచన యంతయు ఈ యొక్క లెక్కయందే యిమిడియున్నది: మేము సగమిత్తుము, తక్కిన సగము ఎవరో యొకరు ఇత్తురు. మన్రో మరుసటి సంవత్సరమే మరణించెను. ఆ బడులు పదేండ్లు కుంటి నడక నడచి 1836లో మూతపడెను.

ఆ "ఎవరో యొకరు" ఎవరన్న ప్రశ్నకు గోదావరి డెల్టా ఒక సమాధానము చెప్పెను. ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియై కాలువల వెంట పొలములు పచ్చబడిన కాలమున, 1850 తరువాతి సంవత్సరములలో, నరసాపురము ప్రాంతపు రైతులు తమ శిస్తుతో పాటు బడి కొరకు కొంత పన్ను చేర్చి వసూలు చేసికొనుడని సబ్‌కలెక్టరు జి.ఎన్. టెయిలరును కోరిరి. పన్ను వేయుమని రైతులే కోరుట చరిత్రయందరుదు గావున దొరతనమువారికి సంతోషముతో పాటు సందేహమును కలిగియుండును. ఈ "రేటు బడులకు" చట్టబద్ధత నొసగుటకే 1863లో మదరాసు విద్యాచట్టము పుట్టినది. అది గోదావరి వెలుపల పెద్దగా వేళ్లూనలేదు. 1871లో లోకల్ ఫండు చట్టము వచ్చి, భూమి ఆదాయముపై రూపాయికి అణాకు మించకుండ సెస్సు విధించి, ఆ సొమ్ముతో రోడ్లు, ఆసుపత్రులు, సత్రములు, బడులు అన్నింటిని నడపుటకు కలెక్టరు అధ్యక్షతన బోర్డులను ఏర్పరచినది. లార్డు రిప్పన్ 1882లో స్థానిక స్వపరిపాలనపై తీర్మానము వెలువరించిన పిమ్మట 1884లో వచ్చిన చట్టము జిల్లా బోర్డు, తాలూకా బోర్డు, యూనియను అను మూడంతస్తులను కట్టెను. ప్రాథమిక పాఠశాలలు తాలూకా బోర్డు పాలబడెను. అధ్యక్షపీఠమున చాలకాలము వరకు దొరలే కూర్చుండిరి.

బోర్డు సమావేశమనగా నేమో తెలిసికొనవలెనన్నచో దాని కార్యక్రమపు పట్టికను ఊహించుకొనవలెను. ఏటిరేవున బల్లకట్టు నడపు హక్కునకు వేలంపాట ఎవరు హెచ్చుగా పాడిరి, బాటకిరువైపుల నున్న చింతచెట్ల కాపును ఈ యేడు ఎంతకు ఇయ్యవచ్చును, వరదకు కొట్టుకొనిపోయిన తూమునకు కంకర తోలిన కంట్రాక్టరునకు బిల్లు చెల్లింపవచ్చునా, తిరునాళ్లకు కలరా రాకుండ నూతులలో మందు చల్లుటకెవరిని పంపవలెను, ఆసుపత్రి కాంపౌండరు సెలవు కోరినచో బదులెవరు, అను విచారణలన్నియు ముగిసి, సభ్యులలో సగము మంది సాయంకాలపు పడవ నందుకొనుటకు లేచిపోవు వేళకు, ఫలానా గ్రామమున పంతులు పని మానుకొనెను గావున ఆ స్థానమునకు ఎవరిని వేయవలెనను విషయము వచ్చును. బడిపై కప్పు తాటాకు నేయించుటయు, బడిలోనికి పంతులును వేయుటయు ఒకే కలముతో, ఒకే యూపిరిలో తీర్మానింపబడెడివి. దీనికి సభ్యులను మాత్రమే నిందించుట న్యాయము కాదు. వారికున్నది ఒకే సంచి. రోడ్డుకు పోయిన రూపాయి బడికి రాదు. రోడ్డు గుంతలు పడినచో ఎన్నికలలో ఓటరు నిలదీయును గాని బడిలో పంతులు లేకున్నచో అంతగా నిలదీయువాడు లేడు. 1931లో మోటారు వాహనములపై పన్ను వచ్చి టోల్‌గేట్లు ఎత్తివేయబడునంతవరకు బండ్ల నుండి వసూలైన సుంకము బోర్డుల కొక మంచి యాదాయముగా నుండెను. బండిచక్రము తిరిగినంత కాలము బడి నడచెనన్నను అతిశయోక్తి కాదు.

ఇక పంతులు జీతము సంగతి. ఫలితములను బట్టి గ్రాంటిచ్చు పద్ధతి యొకటి పంతొమ్మిదవ శతాబ్ది ద్వితీయార్ధమున మన మీద పడినది. ఇన్‌స్పెక్టరు వచ్చి పిల్లలను చదివించి, వ్రాయించి, లెక్కలు వేయించి, ఇందరు గట్టెక్కిరని వ్రాసినచో తలకింత చొప్పున సొమ్ము వచ్చును. తప్పినవాని పేర గవ్వయు రాదు. ఇన్‌స్పెక్టరు వచ్చు దినమున పిల్లవానికి జ్వరము వచ్చినచో పంతులు ఇంట పస్తే. హాజరుపట్టీలయందు లేని పిల్లలు పుట్టుకొని వచ్చుటకును, పొరుగూరి పిల్లలు ఆ యొక్కపూటకు స్వగ్రామము మార్చుటకును ఈ పద్ధతి కారణమయ్యెనన్నచో ఆశ్చర్యపడనక్కరలేదు. ఐనను ఇన్‌స్పెక్టరులందరును ఒక్క తీరువారు కారు. 1906లో విశాఖపట్టణమునకు వచ్చిన జె.ఏ. యేట్సు అను ఇన్‌స్పెక్టరునకు, పంతుళ్లు మాటలాడు తెలుగొకటియు బడిలో చెప్పు తెలుగొకటియు ఏల కావలెనను సందేహము కలిగెను. ఆ సందేహము గురజాడ అప్పారావు, గిడుగు రామమూర్తుల కడకు చేరి ఎంతటి యుద్ధమునకు దారితీసెనో పాఠకులకు దెలియును. ఈ వ్యాసమును జూచినచో గిడుగువారు నన్ను క్షమింపరు.

1920లో రెండు చట్టములు వెంట వెంట వచ్చినవి. ఒకటి ప్రాథమిక విద్యను గూర్చినది, రెండవది స్థానిక బోర్డులను గూర్చినది. మొదటిది జిల్లాకొక విద్యామండలి నేర్పరచి, విద్యాసెస్సునకును నిర్బంధ విద్యకును దారి తెరచెను. రెండవది బోర్డులను ఎన్నికైనవారి చేతులలో నుంచెను. అంతలో ద్వంద్వ ప్రభుత్వము వచ్చినది. పంతులు దుస్థితికి మూలము దారిద్ర్యమని సామాన్యముగ జెప్పుదురు. కాదనను, కాని అంతకంటె లోతైన కారణమొకటి ఇచ్చట కలదు. బడిని తనిఖీ చేయువాడు విద్యామంత్రి క్రిందివాడు, 1921 నుండి 1926 వరకు ఆ మంత్రి బరంపురము వాస్తవ్యుడైన ఏ.పి. పాత్రో; జీతమిచ్చి బదిలీ చేయు బోర్డు స్థానిక స్వపరిపాలన మంత్రి క్రిందిది, ఆయన పానగల్లు రాజా. ఇద్దరును తెలుగునాట పేరెన్నిక గన్నవారే, ఒకే పార్టీవారే. ఐనను క్రిందనున్న పంతులుకు మాత్రము ఇద్దరు యజమానులైరి. పాఠము బాగుగ చెప్పినచో మెచ్చువాడొకడు, అన్నము పెట్టువాడొకడు. రెండవవానికి మొదటివాని మెప్పుతో పని లేదు.

ఆ రెండవవాని చేతిలోని ఆయుధము బదిలీ. జీతము తగ్గించుటకు నిబంధన కావలెను, పనినుండి తొలగించుటకు విచారణ కావలెను. బదిలీకి "పాలనా సౌకర్యార్థము" అను రెండు మాటలు చాలును. ఎన్నికలలో ఎదుటి పక్షమువారి యరుగుపై కూర్చుండెనను అనుమానము మీద, లేక సభ్యుని మేనల్లునకు ఆ స్థానము కావలసివచ్చినందున, నడి సంవత్సరమున పెట్టె బేడా సర్దుకొని, పిల్లలతోను ముసలి తల్లితోను కాలువ పడవ యెక్కి, మన్యపు టంచున చలిజ్వరములకు పేరుపొందిన యూరికి పోవలసివచ్చిన పంతుళ్ల కథలు వారి కుటుంబములలో నేటికిని చెప్పుకొందురు. 1934లో తాలూకా బోర్డులు రద్దయి ప్రాథమిక పాఠశాలలు జిల్లా బోర్డులకు చేరిన పిదప ఈ త్రిప్పుటకు జిల్లా యంతయు మైదానమయ్యెను. పూర్వము తాలూకా కేంద్రమునకు నడచిపోయి మొరపెట్టుకొనువాడు ఇప్పుడు రైలెక్కి జిల్లా కేంద్రమునకు పోవలసివచ్చెను. పెక్కు గ్రామములలో పంతులే బ్రాంచి పోస్టుమాస్టరు కూడ. నెలకు కొద్ది రూపాయలు అదనముగా వచ్చును గదా యని ఆ పని ఒప్పుకొనెడివాడు. అట్టివాడు తపాలు సంచి ముడి విప్పి, ఊరివారి ఉత్తరములు వేరుచేసి, అడుగున నున్న బోర్డువారి కవరుపై తన పేరు చూచుకొనెడి క్షణమును తలచికొనుడు. ముద్ర వేయవలసినవాడును తానే.

బోర్డు బడి అందరి బడి కాదన్న సంగతియు మరువరాదు. సొంత భవనము లేక దేవాలయ మండపములలోను, అగ్రహారపుటరుగులమీదను నడచిన బడులలోనికి, ఆ కాలపు కాగితములు పంచములని పేర్కొన్న వారి పిల్లలు అడుగుపెట్టు వీలులేకుండెను. సెస్సు కట్టిన భూమిలో చెమటోడ్చినది వారి తల్లిదండ్రులే. 1920 ప్రాంతమున లేబరు శాఖ వారికై వేరుగా బడులు పెట్టవలసివచ్చుటయే బోర్డుల వైఫల్యమునకు సాక్ష్యము. బాలికల విషయమునను అంతే: వీరేశలింగము పంతులు 1874లో ధవళేశ్వరమున బాలికాపాఠశాల స్థాపించిన పిదప గూడ, పంతులమ్మలు దొరకరని చెప్పుచు గ్రామములు తరములు గడపినవి. పంతులమ్మ దొరకవలెనన్నచో ముందు బాలిక చదువవలెనుగదా యను తర్కము మాత్రము తీర్మానములలోని కెక్కుటకు చాలకాలము పట్టెను.

1959 అక్టోబరులో షాద్‌నగరున నెహ్రూ పంచాయతి రాజ్యమును ప్రారంభించెను. నవంబరులో సమితులును జిల్లా పరిషత్తులును ఏర్పడి జిల్లా బోర్డులు అంతరించెను. ప్రాథమిక పాఠశాలలు సమితులకు, ఉన్నత పాఠశాలలు పరిషత్తులకు పోయెను. నిజాము రాజ్యమున సర్కారు ఉద్యోగులుగా నుండిన తెలంగాణపు పంతుళ్లకు ఈ స్థానిక యజమానులు క్రొత్త. కోస్తావారికి పాత యజమానికి క్రొత్త పేరు. 1986లో సమితులు పోయి మండల పరిషత్తులు వచ్చినవి. పంచాయతిరాజ్ ఉపాధ్యాయుడు వేరు, ప్రభుత్వోపాధ్యాయుడు వేరు అను విభాగము, దానిపై న్యాయస్థానముల వ్యాజ్యములును ఈ శతాబ్దములోనికి గూడ నడచివచ్చినవి.

ఈ చరిత్రను సమగ్రముగ వ్రాయుటకు కావలసిన సామగ్రి ప్రభుత్వ గ్రంథములలో కంటె మన యిండ్లలోనే హెచ్చుగా నుండును. మీ తాతగారో ముత్తాతగారో బోర్డు పంతులుగా నుండినచో, ఆయన పెట్టెలో నియామకపు ఉత్తరువులు, బదిలీ కాగితములు, ఇన్‌స్పెక్టరు వ్రాసిన తనిఖీ పుస్తకపు నకళ్లు ఉండవచ్చును. వానిని చెదలకు విడువక, పాత కాగితముల కింద అమ్మక, మీ జిల్లా గ్రంథాలయమునకో కళాశాలలోని చరిత్ర శాఖకో అందజేయుడు. ఇచ్చుటకు మనసొప్పనిచో నకలైనను తీసి యిండు.