రైల్వే అప్రోచ్ రిటైనింగ్ గోడల పునాదులు

రైలు వంతెనకు ఇరువైపులా పట్టాలను వంతెన ఎత్తుకు చేర్చే మట్టికట్టను అప్రోచ్ అంటారు. కట్టను వాలుగా వదిలే స్థలం లేనిచోట మట్టి పక్కకు జారకుండా రిటైనింగ్ గోడ నిర్మిస్తారు. ఈ గోడ కూలకుండా ఉండటం ఒక్కటే చాలదు. అది కొద్దిగా కుంగినా, ఒరిగినా పైనున్న పట్టాల మట్టం మారి రైళ్ళ భద్రతకు ముప్పు కలుగుతుంది. అందువలన పునాది రూపకల్పనలో నేల బలంతో పాటు కుంగుదల పరిమితి కూడా ముఖ్యమైనది.

== గోడపై పనిచేసే బలాలు ==
మట్టి పీడన సిద్ధాంతాన్ని ఫ్రాన్సుకు చెందిన కూలుంబ్ 1773లో, స్కాట్లాండుకు చెందిన రాంకిన్ 1857లో ప్రతిపాదించారు. అంతర్గత ఘర్షణ కోణం 30 డిగ్రీలు గల ఇసుకమట్టిలో ఏ లోతున చూసినా పక్కపీడనం నిలువు పీడనంలో మూడవ వంతు ఉంటుంది. ఘనపు మీటరుకు 18 కిలోన్యూటన్ల బరువు గల అటువంటి మట్టిని 6 మీటర్ల గోడ ఆపుతున్నచో, మీటరు పొడవుకు 108 కిలోన్యూటన్ల తోపుడు కలుగుతుంది. ఇది అడుగు నుండి 2 మీటర్ల ఎత్తున పనిచేస్తుంది. గోడ ఎత్తు రెట్టింపయితే తోపుడు నాలుగు రెట్లు, గోడను పడదోసే భ్రామకం ఎనిమిది రెట్లు అవుతాయి. రైలు బరువు వలన కలిగే అదనపు పీడనాన్ని దీనికి కలుపుతారు.

గోడ వెనుక నీరు నిలిస్తే పరిస్థితి విషమిస్తుంది. పై ఉదాహరణలో నీరు గోడ పైఅంచు వరకు నిండితే, నీటి తోపుడే సుమారు 177 కిలోన్యూటన్లు ఉంటుంది. నీటిలో మునిగిన మట్టి తోపుడు కలుపుకొంటే మొత్తం రెట్టింపు దాటుతుంది. గోడలో నీటి రంధ్రాలు, వెనుక గులకరాళ్ళ పొర ఏర్పాటు చేయటానికి కారణమిదే.

== పునాది రూపకల్పన ==
కాంక్రీటు గోడ పునాది వెడల్పు సాధారణంగా గోడ ఎత్తులో 50 నుండి 70 శాతం ఉంటుంది. ఈ క్రింది అంశాలను పరిశీలిస్తారు:
* గోడ ముందుకు పడిపోకుండుట: భద్రతా గుణకం సాధారణంగా 2.
* గోడ జారకుండుట: భద్రతా గుణకం సాధారణంగా 1.5.
* బలాల ఫలితం పునాది వెడల్పులో మధ్య మూడవ భాగం గుండా పోవుట. ఆ భాగపు అంచుకు చేరితే ముందు అంచు క్రింద పీడనం సగటుకు రెట్టింపవుతుంది, వెనుక అంచు క్రింద సున్న అవుతుంది.
* నేల భారాన్ని మోయగలుగుట, గోడతో సహా కట్ట మొత్తం లోతైన పొరలోంచి జారకుండుట.

== కుంగుదల ==
ఇసుక నేలలో కుంగుదల నిర్మాణ సమయంలోనే చాలావరకు పూర్తవుతుంది. బంకమట్టిలో నీరు మెల్లగా బయటకు పోవాలి గనుక కుంగుదల ఏళ్ళ తరబడి సాగుతుంది. దీనిని కార్ల్ టెర్జాగీ 1925లో వివరించారు. నీరు ప్రయాణించవలసిన దూరం రెట్టింపయితే పట్టే కాలం నాలుగు రెట్లవుతుంది.

గోడ అంతా సమానంగా కుంగుట కంటే ఒకచోట ఎక్కువ, మరొకచోట తక్కువ కుంగుట ప్రమాదకరం. వంతెన చివరి దిమ్మ పైల్ పునాదిపై నిలిచి దాదాపు కదలదు. దాని పక్కనున్న కట్ట మాత్రం తన బరువుతో నేలను అణచివేస్తుంది. అక్కడ ఏర్పడే మెట్టు వలన రైలు అదురుతుంది, ఆ అదురుకు కంకర మరింత చెదరుతుంది.

== పరిమితులు ==
10 మీటర్ల పొడవులో 20 మిల్లీమీటర్ల తేడాను 500లో 1 వంతు అంటారు. భవనాలను పరిశీలించి స్కెంప్టన్, మెక్‌డొనాల్డ్ 1956లో 300లో 1 వంతు వద్ద గోడలు పగులుతాయని తేల్చారు. పగుళ్ళు రాకూడని భవనాలకు 500లో 1 వంతును బ్యెర్రమ్ 1963లో సూచించారు. హెన్రీ విడాల్ 1960లలో రూపొందించిన రీఇన్‌ఫోర్స్‌డ్ ఎర్త్ గోడలు విడివిడి పలకలతో ఉండుటచే సుమారు 100లో 1 వంతు తేడాను తట్టుకోగలవు. అయితే గోడ తట్టుకున్నంత తేడాను పట్టాలు తట్టుకోలేవు కనుక, చివరకు పట్టాల అవసరమే పరిమితిని నిర్ణయిస్తుంది.

== నివారణ పద్ధతులు ==
కృష్ణా, గోదావరి డెల్టాలలోని మెత్తని బంకమట్టి వంటి నేలల్లో పట్టాలు వేయకముందే అదనపు మట్టి పోసి కొన్ని నెలలు ఉంచుతారు. నీరు త్వరగా పోవుటకు నిలువు డ్రెయిన్లు దించుతారు. రాతి స్తంభాలు, పైల్ పునాదులు ఇతర మార్గాలు. నల్లరేగడి తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది కనుక పునాదిని ఆ పొర దాటి దించుతారు, లేదా ఆ మట్టిని తీసి వేరే మట్టితో నింపుతారు.

== ఇవి కూడా చూడండి ==
* వంతెన
* పునాది
* నల్లరేగడి నేల