జాబ్ క్లబ్

జాబ్ క్లబ్ (ఉద్యోగాన్వేషణ బృందం) అనగా కొద్దిమంది నిరుద్యోగులు ఒక శిక్షకుని పర్యవేక్షణలో, ఉద్యోగం దొరికే వరకు క్రమం తప్పక సమావేశమవుతూ, పరస్పర సహకారంతో ఉద్యోగాలు వెతుక్కునే పద్ధతి. అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త నేథన్ అజ్రిన్ 1970వ దశకంలో దీనిని రూపొందించాడు. ఉద్యోగం చేయడానికి నైపుణ్యం కావలసినట్లే, ఉద్యోగం వెతకడానికి కూడా ప్రత్యేక నైపుణ్యం కావాలనీ, అది నేర్చుకుంటే వచ్చేదేననీ ఈ పద్ధతి భావిస్తుంది.

నేపథ్యం

అజ్రిన్ (1930–2013) హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో బి.ఎఫ్.స్కిన్నర్ వద్ద పరిశోధన చేశాడు. ఉద్యోగ ఖాళీల సమాచారం ఎక్కువగా ప్రకటనల ద్వారా కాక, పరిచయస్తుల మధ్య ఇచ్చిపుచ్చుకోవడం ద్వారా ప్రవహిస్తుందని అతడు గుర్తించాడు. పరిచయాలు తక్కువగా ఉన్నవారికి ఆ సమాచారం అందదు. దాదాపు అదే కాలంలో సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ మసాచుసెట్స్ రాష్ట్రంలోని న్యూటన్‌లో 282 మంది ఉద్యోగులను అధ్యయనం చేశాడు. వారిలో సుమారు 56 శాతం మంది వ్యక్తిగత పరిచయాల ద్వారానే ఉద్యోగం పొందారని 1974లో ప్రచురించిన గ్రంథంలో తెలిపాడు. ఆ పరిచయస్తులలో ఎక్కువమంది ఆప్తమిత్రులు కారు. అరుదుగానో, అప్పుడప్పుడో కలిసేవారు. నిత్యం కలిసేవారికి తెలిసిన విషయాలు సాధారణంగా మనకూ తెలిసే ఉంటాయి. దూరపు పరిచయస్తుల ద్వారానే కొత్త సమాచారం వస్తుంది.

పద్ధతి

జాబ్ క్లబ్‌లో ఉద్యోగాన్వేషణను పూర్తికాలపు పనిగా పరిగణిస్తారు. ఇందులోని ముఖ్యాంశాలు:

* బంధువులు, మిత్రులు, పాత యజమానులు, సహోద్యోగులు మొదలైన పరిచయస్తులందరి పేర్లతో జాబితా తయారుచేసి, ఒక్కొక్కరినీ సంప్రదించడం.
* సభ్యులు ఇద్దరిద్దరు జోడీగా ఏర్పడి, ఒకరి ఫోను సంభాషణను మరొకరు విని లోపాలు సరిదిద్దడం.
* ఖాళీ ఉన్నదా అని మాత్రమే అడగక, ఇంటర్వ్యూకు అవకాశం కోరడం. ప్రస్తుతం ఖాళీ లేదంటే, మునుముందు ఏర్పడే ఖాళీల కొరకైనా కలవవచ్చునా అని అడగడం. అదీ కాదంటే, అవకాశం ఉండగల మరొక సంస్థ పేరు అడగడం.
* తనకు పనికిరాని ఖాళీ సమాచారాన్ని తోటి సభ్యులకు అందించడం.
* ఇంటర్వ్యూను ముందుగా అభినయించి సాధన చేయడం.
* ప్రతిరోజూ చేసిన ఫోన్లు, రాసిన ఉత్తరాలు, హాజరైన ఇంటర్వ్యూల లెక్క వ్రాసి ఉంచడం.

ఫోను, బయోడేటా నకళ్ళు, దినపత్రికలు, కాగితాలు, తపాలా ఖర్చు వంటివి క్లబ్బే సమకూరుస్తుంది. తిరస్కారాలు ఉద్యోగాన్వేషణలో సహజమేనని సభ్యులు ఒకరి అనుభవం నుండి మరొకరు గ్రహిస్తారు.

ఫలితాలు

అజ్రిన్, అతని సహచరులు 1975లో తమ ప్రయోగ ఫలితాలను ప్రచురించారు. మూడు నెలలు గడిచేసరికి క్లబ్ సహాయం పొందినవారిలో 92 శాతం మందికి, పొందనివారిలో 60 శాతం మందికి ఉద్యోగాలు లభించాయి. సహాయం పొందినవారి ప్రారంభ వేతనం సగటున మూడింట ఒక వంతు ఎక్కువ. 1980లో శిక్షకుల కొరకు ఒక మార్గదర్శక గ్రంథం వెలువడింది. 1984 నుండి బ్రిటన్ ప్రభుత్వం దీర్ఘకాలిక నిరుద్యోగుల కొరకు జాబ్ క్లబ్బులను ప్రారంభించింది.

2014లో 47 అధ్యయనాలను క్రోడీకరించిన ఒక పరిశీలన, జాబ్ క్లబ్ వంటి శిక్షణ కార్యక్రమాలు ఉద్యోగం పొందే అవకాశాన్ని గణనీయంగా పెంచుతాయని తేల్చింది. నైపుణ్యాల బోధన, ఆత్మవిశ్వాసం పెంపు రెండూ కలిసి ఉన్న కార్యక్రమాలే ఎక్కువ ఫలితమిచ్చాయి.

పరిమితులు

ఉద్యోగాలే తక్కువగా ఉన్నపుడు ఒకరికి చేసిన సహాయం మరొకరి అవకాశాన్ని తగ్గించవచ్చు. ఫ్రాన్సులో 235 ప్రాంతాలలో, చదువుకున్న నిరుద్యోగ యువతకు ఇచ్చిన ఉద్యోగ సలహా సేవలపై జరిగిన అధ్యయనం (2013) ఈ విషయాన్ని వెల్లడించింది. సేవలు పొందినవారి లాభంలో కొంత భాగం, పొందనివారి నష్టం నుండి వచ్చినదే. అనగా ఇటువంటి పద్ధతులు వ్యక్తి అవకాశాలను మెరుగుపరచగలవు గాని కొత్త ఉద్యోగాలను సృష్టించలేవు.

మరోవైపు, కాలయాపన కూడా నష్టదాయకమే. అమెరికాలో కల్పిత బయోడేటాలతో జరిపిన ఒక ప్రయోగంలో (2013) నిరుద్యోగకాలం పెరిగేకొద్దీ, ముఖ్యంగా మొదటి ఎనిమిది నెలలలో, ఇంటర్వ్యూ పిలుపులు తగ్గుతూ పోయాయి. కావున అన్వేషణను తొలి నెలలలోనే ముమ్మరం చేయడం ప్రయోజనకరం.

భారతదేశంలో

భారతదేశంలో ఉపాధి కల్పనా సేవ 1945లో యుద్ధం నుండి తిరిగివచ్చిన సైనికులు, కార్మికుల పునరావాసం కొరకు ప్రారంభమై, 1948లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఇందులో అభ్యర్థి పేరు నమోదు చేసుకుని పిలుపు కొరకు వేచి ఉంటాడు. జాబ్ క్లబ్ పద్ధతికి ఇది భిన్నమైనది. నమోదైన పేర్లకే ఎంపికను పరిమితం చేయరాదనీ, ఖాళీలను దినపత్రికల వంటి మాధ్యమాలలో కూడా ప్రకటించి అర్హులందరినీ పరిశీలించాలనీ సుప్రీంకోర్టు 1996లో తీర్పునిచ్చింది. ఈ వ్యాజ్యం ఆంధ్రప్రదేశ్‌లోని కృష్ణా జిల్లా ఎక్సైజు శాఖ నియామకాలకు సంబంధించినది. 2015లో కేంద్ర ప్రభుత్వం నేషనల్ కెరీర్ సర్వీస్ వెబ్‌సైటును ప్రారంభించింది. నమోదు ఉచితమైనా, అది ఒక మార్గం మాత్రమే. పరిచయాల ద్వారా అన్వేషణకు ప్రత్యామ్నాయం కాదు.

ఇవి కూడా చూడండి

* నిరుద్యోగం
* ఉపాధి కల్పనా కార్యాలయం
* ఇంటర్వ్యూ