కాగితపు వేషములు

అక్టోబరు 31వ తేదీ రాత్రి అమెరికాలో హాలోవీన్ పండుగ. పిల్లలు దయ్యపు వేషములతో ఇంటింటికిఁ బోయి మిఠాయి అడుగుదురు. ఐర్లండు, స్కాట్లండుల నుండి వలసపోయినవారు ఆ వేడుకను అచ్చటికిఁ గొనిపోయిరి. స్కాట్లండు పిల్లలకు పెద్దల పాతబట్టలును, మొగమునఁ బూసికొన మసియును చాలెడివి. 1909లో డెన్నిసన్ అను కాగితపు కంపెనీ హాలోవీన్ పుస్తకము నొకదానిని వెలువరించెను. తరువాతి సంచికలు ముడుతల కాగితముతో వేషములు చేయు విధమును తల్లులకు నేర్పినవి. కాగిత మమ్ముకొనుటకే ఆ నేర్పు! అయినను పేదయింటికి మేలే కలిగినది. కాని గుమ్మడికాయ తొలిచి లోన క్రొవ్వొత్తి వెలిగించుటయు ఆ పండుగలోనిదే. కాగితమునకు నిప్పు పొరుగైనది. అందుచే నేను తండ్రి పాత ఉన్నికోటుకే మొగ్గుదును. అది చప్పున నంటుకొనదు, ఖర్చును లేదు. చేతులు పొడవైనచో మడిచిన సరి.