చోడవరం ప్రాంత మాజీ సైనికులు: పింఛను, సంక్షేమ నిధులు

చోడవరం చుట్టుపక్కల ఊళ్ళలోని మాజీ సైనికులకు, వారి వితంతువులకు ప్రభుత్వ సాయం రెండు దారుల్లో అందుతుంది. ఒకటి, రక్షణ శాఖ నెలనెలా బ్యాంకు ఖాతాలో వేసే పింఛను. రెండోది, సైనిక సంక్షేమ కార్యాలయానికి దరఖాస్తు పెట్టుకుంటే వచ్చే సాయం. మొదటిది చట్టబద్ధమైన హక్కు. రెండోది అడిగినవాళ్ళకే, అదీ నిధి ఉన్నంత మేరకే.

చోడవరం 2022 ఏప్రిల్ 4న విశాఖపట్నం జిల్లా నుంచి కొత్తగా ఏర్పడిన అనకాపల్లి జిల్లాలోకి మారింది. సైనిక వ్యవహారాలకు మాత్రం ఇక్కడివాళ్ళు ఇప్పటికీ విశాఖపట్నం బస్సే ఎక్కుతారు. ఆర్మీ రిక్రూటింగ్ కార్యాలయం, మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్ పాలీక్లినిక్, నౌకాదళ ఆసుపత్రి ఐఎన్‌హెచ్‌ఎస్ కల్యాణి అన్నీ అక్కడే ఉన్నాయి.

2025-26 కేంద్ర బడ్జెట్‌లో రక్షణ శాఖకు కేటాయించిన 6.81 లక్షల కోట్ల రూపాయల్లో దాదాపు 1.60 లక్షల కోట్లు పింఛన్లవే. దేశం మొత్తం మీద 34 లక్షల మందికి పైగా ఈ పింఛను అందుకుంటున్నారు. పదిహేనేళ్ళ సర్వీసు నిండిన జవానుకు చివరి జీతంలో సగం పింఛనుగా వస్తుంది. నెలకు 9,000 రూపాయలకు తగ్గకూడదు. పద్దెనిమిది, ఇరవై ఏళ్ళకు సైన్యంలో చేరిన కుర్రాడు నలభై దాటకుండానే ఇంటికి వచ్చేస్తాడు. పిల్లల చదువులు, ఇంటి అప్పు అప్పుడే మొదలవుతాయి. పింఛను ఉన్నా మరో ఉద్యోగం వెతుక్కోక తప్పదు. అందుకే కేంద్ర కొలువుల్లో గ్రూప్ సీ పోస్టుల్లో పది శాతం, రాష్ట్ర సర్వీసుల్లో రెండు శాతం మాజీ సైనికులకు కేటాయించారు.

ఒకే హోదాలో, ఒకే సర్వీసుతో రిటైరైనవారికి ఎప్పుడు రిటైరైనా ఒకే పింఛను ఉండాలన్న ఓఆర్ఓపీ (వన్ ర్యాంక్ వన్ పెన్షన్) కోసం మాజీ సైనికులు దశాబ్దాల పాటు పోరాడారు. 2015 నవంబరు 7న ఉత్తర్వు వచ్చింది, 2014 జులై 1 నుంచి వర్తించింది. అయిదేళ్ళకోసారి సవరించే పద్ధతిని 2022 మార్చిలో సుప్రీంకోర్టు సమర్థించింది.

పింఛన్లు ఇప్పుడు ప్రయాగ్‌రాజ్ నుంచి 'స్పర్శ్' అనే ఆన్‌లైన్ పద్ధతిలో నడుస్తున్నాయి. ఏడాదికోసారి జీవన ప్రమాణ పత్రం ఇవ్వాలి. ముసలివాళ్ళ వేలిముద్రలు అరిగిపోతే యంత్రం తీసుకోదు. వితంతువుల బాధ మరొకటి. పెళ్ళి సంగతి యూనిట్‌లో పార్ట్ టూ ఆర్డరు అనే అధికారిక ఉత్తర్వుగా నమోదు కావాలి. డిశ్చార్జి బుక్కులో ఆమె పేరు ఒకలా, ఆధార్‌లో మరోలా ఉంటే, ఇంటిపేరు పుట్టింటిదే ఉండిపోతే, భర్త పోయాక కుటుంబ పింఛను ఆగిపోతుంది. సవరణ కాగితాలు రికార్డ్స్ ఆఫీసుకు వెళ్ళాలి. మద్రాస్ రెజిమెంట్ వాళ్ళకైతే అది నీలగిరి కొండల్లోని వెల్లింగ్టన్. పల్లెటూరి వితంతువు ఒంటరిగా చేయగలిగిన పని కాదది. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం అవసరం ఇలాంటి చోటే తెలుస్తుంది.

జిల్లా సైనిక బోర్డుకు కలెక్టరు అధ్యక్షుడు. సంక్షేమ కార్యాలయాన్ని రిటైరైన సైనికాధికారి నడుపుతారు. ఆంధ్రప్రదేశ్ వంటి రాష్ట్రాల్లో ఈ వ్యవస్థ ఖర్చును కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం చొప్పున భరిస్తాయి.

అందరికంటే నలిగిపోయేది పదిహేనేళ్ళు నిండకుండా బయటికి వచ్చి, ఏ పింఛనూ లేక ముసలితనంలో పడినవారు. అరవై అయిదు దాటిన, హవల్దారు హోదా వరకు పనిచేసిన ఇలాంటివారికి, వారి వితంతువులకు నెలకు 4,000 రూపాయల పెన్యూరీ గ్రాంటు (నిరుపేద భత్యం) ఉండేది. 2025 నవంబరు 1 నుంచి వచ్చే దరఖాస్తులకు దాన్ని 8,000 చేశారు. పిల్లల చదువు సాయాన్ని నెలకు 2,000కు, కూతురి పెళ్ళి సాయాన్ని లక్షకు పెంచారు. ఈ మూడింటికీ కలిపి అయ్యే ఖర్చు ఏడాదికి సుమారు 257 కోట్లు. ఈ డబ్బు సాయుధ దళాల పతాక దినోత్సవ నిధిది. 1949 నుంచి ఏటా డిసెంబరు 7న జెండాలు పంచి ప్రజల దగ్గర సేకరించే విరాళాలు ఆ నిధిలోకే చేరతాయి. అంటే పింఛనున్నవారికి బడ్జెట్ అండ ఉంది, ఏమీ లేనివారు విరాళాల మీద ఆధారపడ్డారు. ఇది సరైన పద్ధతి కాదు. నిరుపేద సైనికుడి భత్యం కూడా బడ్జెట్ పద్దులోనే ఉండాలి.

వైద్యానికి 2003 ఏప్రిల్‌లో మొదలైన ఈసీహెచ్ఎస్ ఉంది. 2025-26లో దానికి 8,317 కోట్లు ఇచ్చారు. సభ్యులకు పాలీక్లినిక్ ద్వారా ఒప్పంద ఆసుపత్రుల్లో నగదు లేకుండా వైద్యం అందుతుంది. చోడవరం నుంచి బీపీ మాత్రల కోసం విశాఖ దాకా వెళ్ళిరావడం వృద్ధులకు భారమే. చదువుల విషయంలో విజయనగరం జిల్లా కోరుకొండ సైనిక్ స్కూలు సీట్లలో కొంత వాటా సైనికుల, మాజీ సైనికుల పిల్లలది. వృత్తి విద్యకు ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ ఆడపిల్లలకు నెలకు 3,000, మగపిల్లలకు 2,500.

భూమి కథ విశాఖ ప్రాంతంలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. రాష్ట్రం మాజీ సైనికులకు రెండున్నర ఎకరాల మాగాణి గాని అయిదెకరాల మెట్ట గాని ఇస్తూ వచ్చింది; పదేళ్ళ తర్వాత అమ్ముకోవచ్చు. నగరం పెరిగి ధరలు ఆకాశానికంటాక దళారులు దిగారు, అమ్మకానికి కావలసిన నిరభ్యంతర పత్రాల చుట్టూ అక్రమాలు అల్లుకున్నాయి. 2017లో ఒకటి, 2019లో మరొకటి ప్రత్యేక దర్యాప్తు బృందాలు విశాఖ భూముల వ్యవహారాలను పరిశీలించాయి. సైనికుడి పేరున ఇచ్చిన భూమి లాభం చాలాచోట్ల అతనికి దక్కలేదు.

2022లో వచ్చిన అగ్నిపథ్ నియామక పథకంతో లెక్క మారింది. ఆ పథకంలో చేరిన అగ్నివీరుడి సర్వీసు నాలుగేళ్ళు. పాతిక శాతం మంది వరకు కొనసాగుతారు. మిగిలినవారు సుమారు 11.71 లక్షల రూపాయల సేవానిధితో ఇంటికి వస్తారు. వారికి పింఛను లేదు, ఈసీహెచ్ఎస్ లేదు, మాజీ సైనికుల హోదా కూడా లేదు. మొదటి బృందాల నాలుగేళ్ళు 2026 చివరి నుంచి పూర్తవుతాయి.