మౌల్వీ వెళ్లిన సముద్రంలోకి

హైదరాబాద్ ఉస్మాన్‌గంజ్ గల్లాపెట్టెల్లో పాత ఎర్రటి ఇరవై రూపాయల నోట్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. వెనక్కి తిప్పితే చెట్ల సందులోంచి సముద్రం, దూరంగా ఒక లైట్‌హౌస్ కనిపిస్తాయి. అది అండమాన్‌లోని నార్త్ బే. మన ఊళ్లవాళ్లు పొద్దున పడవెక్కి, సిలిండర్ వీపుకు తగిలించుకుని నీళ్లలో దిగి, సాయంత్రానికి హోటల్‌కు చేరే స్కూబా ట్రిప్పులు ఎక్కువగా జరిగే చోట్లలో అదొకటి. బస్తాల ట్రాలీల మధ్య సరుకు దింపించుకునే సేటు చేతిలోంచి హమాలీ చేతిలోకి ఆ సముద్రం రోజూ మారుతూనే ఉంటుంది. హైదరాబాద్‌కూ ఆ నీళ్లకూ ఉన్న పాత లెక్క మాత్రం ఎవరికీ పట్టదు.

ఆ లెక్క ఉస్మాన్‌గంజ్‌కు కూతవేటు దూరంలోనే మొదలైంది. 1857 జూలై 17, శుక్రవారం. మీరట్, ఢిల్లీల తిరుగుబాటు కబుర్లతో నగరం అప్పటికే కుతకుతలాడుతోంది. తిరగబడి హైదరాబాద్ చేరిన జమేదార్ చీదాఖాన్‌ను దివాన్ సాలార్‌జంగ్ పట్టించి బ్రిటిష్ రెసిడెన్సీకి అప్పగించాడు. అతన్ని విడిపించడానికి తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ సయ్యద్ అల్లావుద్దీన్ ముందు నడవగా వందల మంది రోహిల్లాలు కోఠీలోని ఆ రెసిడెన్సీ మీదికి కదిలారు. తుర్రేబాజ్ ఖాన్‌ది బేగంబజార్. పుత్లీబౌలి వైపు, రెసిడెన్సీ పడమటి గోడకు ఎదురుగా ఉన్న అబ్బన్ సాహెబ్, జైగోపాల్‌దాస్‌ల ఇళ్లు ఎక్కి రాత్రంతా కాల్పులు జరిపారు. దివాన్ నుంచి ముందే కబురందిన రెసిడెంట్ డేవిడ్‌సన్ ఫిరంగులు సిద్ధం చేసి ఉంచాడు. తెల్లవారేసరికి అంతా అయిపోయింది.

తుర్రేబాజ్ ఖాన్ పట్టుబడ్డాడు, తప్పించుకున్నాడు, 1859 జనవరిలో తూప్రాన్ దగ్గర చంపేశారు. ఇప్పుడు కోఠీలో ఒక రోడ్డుకు ఆయన పేరుంది. మౌల్వీ కొంతకాలం దాక్కున్నా చివరికి దొరికిపోయాడు. 1859లో యావజ్జీవ ద్వీపాంతరవాస శిక్ష వేసి అండమాన్ పంపారు. మళ్లీ హైదరాబాద్ చూడలేదు, అక్కడే కన్నుమూశాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. అండమాన్ వెళ్లిన ప్రతివాళ్లూ సెల్యులార్ జైల్లో సాయంత్రం లైట్ అండ్ సౌండ్ షో చూస్తారు. మౌల్వీ గాథ ఆ గదులది కాదు. ఆ జైలు కట్టడం 1896లో మొదలై 1906లో పూర్తయింది. మౌల్వీ కాలానికి ఆ గోడలే లేవు, సముద్రమే గోడ. 1858 మార్చిలో డాక్టర్ వాకర్ 200 మంది ఖైదీలతో దిగి ఇక్కడ ఖైదీల కాలనీ పెట్టాడు. వెంటనే పారిపోయేవాళ్లు పారిపోయారు. దొరికినవాళ్లలో 80 మందికి పైగా ఒక్కరోజే ఉరితీయించాడు. ఆ ఉరితీతలకు అప్పటి కలకత్తా దొరలే ముఖం చిట్లించారంటే చూడండి. 1872 ఫిబ్రవరిలో వైస్రాయ్ మేయోను ఖైదీ షేర్ అలీ పొడిచి చంపిన హోప్‌టౌన్ జెట్టీ కూడా నార్త్ బేకు దగ్గరే. మౌల్వీ అప్పటికి అవే దీవుల్లో ఖైదీ.

తరవాత మన్యం వంతు వచ్చింది. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర అండమాన్ శిక్ష అనుభవించి, బతికి తిరిగొచ్చాడు. 1952లో విశాఖ నుంచి లోక్‌సభకు కూడా వెళ్లాడు.

ఇప్పుడు పగడాల దగ్గరికి వద్దాం. పోర్ట్ బ్లెయిర్‌కు (2024 నుంచి శ్రీ విజయపురం) నైరుతిగా వండూర్ అని ఒక పల్లె ఉంది. 1921 మలబార్ తిరుగుబాటులో శిక్షపడి వచ్చిన మాప్పిళ్ల ముస్లింలు ఈ దీవుల్లో పల్లెలు కట్టుకుని వాటికి తమ ఊళ్ల పేర్లే పెట్టుకున్నారు: కాలికట్, మంజేరి, తిరూర్, వండూర్. మహాత్మాగాంధీ సముద్ర జాతీయ పార్కుకు గుమ్మం ఆ వండూర్ జెట్టీయే. 1983లో 15 దీవులను, వాటి చుట్టూ ఉన్న నీటిని కలిపి 281 చదరపు కిలోమీటర్ల మేర రక్షిత ప్రాంతం చేశారు. ఖైదీల పల్లెలోంచి కాకుండా పార్కులోకి దారి లేదు. నిన్న చూసిన జైలు వేరు, ఇవాళ చూసే పగడాలు వేరు అన్నట్టు టూర్ ప్యాకేజీలు నడుస్తాయి కానీ, నా దృష్టిలో అవి రెండు కథలు కావు.

జెట్టీ దగ్గర అటవీశాఖవాళ్లు సంచులు విప్పించి చూస్తారు. ప్లాస్టిక్ ఏదున్నా అక్కడే వదిలేయాలి. మడ అడవుల పాయల్లోంచి దాదాపు గంట ప్రయాణం. జాలీబోయ్ దీవిలో ఇల్లు లేదు, దుకాణం లేదు, రాత్రి ఉండనివ్వరు. ఏడాదిలో కొన్ని నెలలు దాన్ని మూసి, రెడ్ స్కిన్ దీవిని తెరుస్తారు. అడుగున అద్దం బిగించిన పడవలోంచో, స్నార్కెల్ పెట్టుకునో చూస్తే జింక కొమ్ముల్లా చీలిన పగడాలు, మెదడు ముడతల్లాంటి గుండ్రటి పగడాలు కనిపిస్తాయి. ఆ గుండ్రటివి ఏడాదికి పెరిగేది సెంటీమీటరు అటూ ఇటూ. ఒక్క కాలి తాపుకు ఎన్నేళ్ల పెరుగుదల పోతుందో లెక్క వేసుకోండి. కాలు తగలకపోయినా గండం తప్పదు. 2010లో, మళ్లీ 2016లో నీళ్లు వేడెక్కి అండమాన్ పగడాలు తెల్లబారిపోయాయి. జెట్టీ దగ్గరి తనిఖీ ఆ వేడిని ఆపలేదు.

సిలిండర్‌తో దిగాలంటే నార్త్ బే, చిడియాటాపు, హావ్‌లాక్‌లకు వెళ్తారు. మొదటిసారి దిగేవాళ్లను 12 మీటర్లు దాటనివ్వరు. వెనక నుంచి గైడు సిలిండర్ పట్టుకునే ఉంటాడు. రెండు మూడు మీటర్లు దిగగానే చెవులు దిబ్బడేస్తాయి. ముక్కు మూసి మెల్లగా గాలి ఊదితే ‘టక్’మని విడతాయి. పది మీటర్ల దగ్గర ఒంటి మీద ఒత్తిడి పైనున్నదానికి రెట్టింపు. ఎరుపు రంగు అన్నిటికంటే ముందు మాయమవుతుంది, ఎర్ర చేప కూడా బూడిదరంగులో కనిపిస్తుంది. మనవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. బాగుందని చెప్పడానికి బొటనవేలు పైకెత్తుతారు. నీళ్లలో దానికి ‘పైకి తీసుకెళ్లు’ అని అర్థం. గైడు నిజంగానే తీసుకొచ్చేస్తాడు, డబ్బులు మాత్రం తిరిగి రావు.

అక్కడ భాషకు ఇబ్బంది లేదు. 2011 లెక్కల్లో అండమాన్ నికోబార్ జనాభాలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 13 శాతం. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లిన మత్స్యకార కుటుంబాలు వాళ్లలో ఎక్కువ. జంగ్లీఘాట్ రేవులో నిలబడితే ‘ఏటిరా’లు వినిపిస్తాయి. పార్కు నీళ్లలో వల వేయడం నేరం. మనం డబ్బు కట్టి చూసే చేపను వాళ్లు పట్టకూడదు. ఆ బేరంలో వాళ్లకు దక్కిందెంతో టూరిజం బ్రోషర్లు రాయవు.

ఒకటి కంటే ఎక్కువసార్లు డైవ్ చేస్తే 18 గంటల దాకా విమానం ఎక్కకూడదు. ఒంట్లో కరిగిన నైట్రోజన్ ఆకాశంలో బుడగలై ప్రాణం మీదికి తెస్తుంది. శంషాబాద్ టికెట్ మర్నాటికి బుక్ చేసుకుంటే చేతిలో ఒక ఖాళీ పూట మిగులుతుంది. పడవలు నడుస్తుంటే ఆ పూట వైపర్ దీవికి వెళ్లండి. సెల్యులార్ జైలు కట్టకముందు సంకెళ్ల ఖైదీలను ఉంచిన చోటు అదే, ఎర్రటి ఉరికంబం కట్టడం గుట్టమీద ఇంకా ఉంది.